చిలుము పట్టిన కడియం

మిట్టమధ్యాహ్నం... అయినా అది మధ్యాహ్నంలా లేదు!

ఆకాశంలో రాహువు సూర్యబింబాన్ని అంచు కొరికాడు. కొరికిన కొద్దీ దర్హద్ లోయ మీద వెలుగు పాలిపోతోంది. పచ్చికబయలు రంగు మారింది. మేస్తున్న గుర్రాలు మేత మానేసి ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. మబ్బు తునక కూడా లేని ఆకాశంలో ఎక్కడో ఉరుము... ఒక్కటంటే ఒక్కటే ఉరుము! వేళ తప్పి మేలుకున్న గుడ్లగూబ పైన్ చెట్ల మీంచి ఎగిరివచ్చి సరిగ్గా సెవెల్మా గుడారం నడినెత్తిన, పొగ పోయే కంత అంచున వాలింది. వాలి, మెడ వంచి, లోపలికి చూసింది.

లోపల సెవెల్మా పదహారేళ్ళ కూతురి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

సొలొంగో కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ ఆ కళ్ళలోంచి చూస్తున్నది సొలొంగో కాదు. ఆ సంగతి కన్నతల్లికి తెలియక మరెవరికి తెలుస్తుంది! పిల్ల కుడిచేతికి రాగి కడియం. దాని మీద దట్టంగా, ఆకుపచ్చగా చిలుము. ఆ పచ్చదనం కడియంతో ఆగలేదు. మణికట్టు దాటింది, మోచెయ్యి దాటింది, నరాల వెంట పాకి భుజమెక్కింది. ఇవాళ తెల్లారేసరికి మెడ దగ్గరికి వచ్చేసింది. గొంతు కూడా దాటిందంటే ఇక పిల్ల దక్కదు.

పొయ్యికి అవతల చోగ్జోల్ మాంత్రికుడు తన నల్లమూట విప్పుతున్నాడు. ముందు డప్పు బయటికి తీశాడు. తర్వాత అరచెయ్యంత రాగి అద్దం... అద్దమన్న పేరే గానీ, మూకుడు అడుగులా కారునలుపు! చివరికి, నల్లపట్టులో చుట్టిన కపాలం!

"భయపడకు తల్లీ," అన్నాడు, ఎండిపోయిన గొంతుతో. "సూర్యుడు మాయమైన క్షణాన మీ అత్త ఆత్మని సాగనంపేస్తా. పిల్ల నీకు దక్కుతుంది. నువ్వు మాత్రం కిక్కురుమనకూడదు. రాహువుని తరుముతానంటూ గిన్నెలూ మూకుళ్ళూ వాయించావో... పిల్ల ప్రాణం నీ చేతుల్లోనే పోతుంది!"

సెవెల్మా తలూపింది. నోరున్న మనిషి, లోయలో పదిమందికి బుద్ధి చెప్పగల మనిషి, అంత గుడ్డిగా తలూపే స్థితికి ఎలా వచ్చిందో తెలియాలంటే మొదటికి వెళ్ళాలి.

ఆ కడియం సెవెల్మా అత్త హోర్లోది. అరవై ఏళ్ళు ఒకే చేతికి ఉండి కూడా నిన్ననే కొలిమిలోంచి తీసినట్టు ధగధగలాడేదంటే ఊరికే కాదు. కడియం మీద ముసలమ్మకున్న శ్రద్ధ కోడలి మీద కూడా ఉండేది కాదు. ప్రతి నెలా అమావాస్య వెళ్ళిన మర్నాడు పొద్దున్నే, పెరుగు వడగట్టగా కారిన పుల్లటి తేటలో దాన్ని నానేసేది. చిటికెడు ఉప్పు వేసి, గొర్రె ఉన్ని ఉండ చేసి, చెక్కిన గీతల్లోకి గోరు దూర్చి మరీ తోమేది. ఆ వెంటనే మంచినీళ్ళలో ఒకటికి రెండుసార్లు జాడించేది. పులుపు గానీ ఉప్పు గానీ రవ్వంత మిగిలినా రాగిని తినేస్తుందట. తరవాత పొయ్యి సెగ తగిలీ తగలని చోట పెట్టి తడి పూర్తిగా ఆర్చేది. ఆఖర్న గొర్రె తోక కొవ్వు వేలికొసతో తీసి, రాసిందో లేదో తెలియనంత పల్చగా పట్టించి, పొడి ఉన్ని గుడ్డతో తుడిచేది. పాలు పితికొచ్చినా, చెమట పట్టినా, మొహం కంటే ముందు కడియమే తుడుచుకునేది.

"మొగుడు అలిగితే రెండు రోజుల్లో దారికొస్తాడే. రాగి అలిగిందంటే మాత్రం పచ్చగా కక్కుతుంది," అనేది కోడలితో.

"అందుకేనా అత్తా, మామయ్యని ఏనాడూ తుడవలేదు నువ్వు?" అని సెవెల్మా అంటే, ముసలమ్మ పొగాకు సంచి తీసి విసిరేది. అదీ వాళ్ళిద్దరి ప్రేమ!

వేసవి చివర్లో హోర్లో కన్నుమూసింది. పోయే ముందు కడియం తీసి మనవరాలి చేతికి తొడిగింది. ఆ తర్వాత నలభై తొమ్మిది రోజులు మైల. ఆ రోజుల్లో ఇంట్లో ఆడవాళ్ళు నగ పెట్టుకోరు, మెరిసే వస్తువు తోమరు. సెవెల్మా ఆ నియమం తు.చ. తప్పకుండా పాటించింది. కూతురి చేతి కడియం తీసి, ఉప్పు ఉన్న చోటికి గాలీధూళీ రాదని నమ్మి, తీసుకెళ్ళి ఉప్పు సంచిలో దాచింది. అత్త బతికుండగా వెయ్యిసార్లు చెప్పిన మాట ఆ దుఃఖంలో ఆమెకి గుర్తు రాలేదు. ఉప్పు తన పని తాను చేసుకుపోయింది.

నలభై తొమ్మిదో రోజు సంచి విప్పి చూస్తే ఏముంది... కడియం నిలువెల్లా చిలుము! సెవెల్మా లెంపలేసుకుని, తేట గిన్నెలో దాన్ని ముంచబోతూ ఉండగా బయట గుర్రం సకిలించింది. నల్లటి గుర్రం మీద నల్లటి మనిషి. గుమ్మంలోకి వచ్చిన వాణ్ణి నువ్వెవరని అడక్కుండా ముందు టీ పొయ్యడం అక్కడి మర్యాద. చోగ్జోల్ టీ తాగుతూ గిన్నె అంచు మీంచి కడియాన్ని చూశాడు. వాడి కళ్ళల్లో ఏదో కదిలింది.

"ఆగు తల్లీ! ఏం పని చేస్తున్నావు? అది చిలుమనుకుంటున్నావా? ఇన్ని రోజులూ దిక్కులేక తిరిగి తిరిగి మీ అత్త ఆత్మ వచ్చి అందులో చేరింది. అది ఆమె చర్మం! తోమావంటే ముసలిదాని తోలు ఒలిచినట్టే!"

మరో మాట ఏదైనా అయితే సెవెల్మా నవ్వి ఊరుకునేది. కానీ, పోయిందనుకున్న అత్త ఇంకా ఇంట్లోనే ఉందన్న మాట ఎవరికి చేదు? గిన్నె పక్కన పెట్టేసింది. కడియాన్ని పచ్చపచ్చగా అలాగే కూతురి చేతికి తొడిగింది.

మూడో రోజు నుంచి పిల్లకి దగ్గు పట్టుకుంది. పదహారేళ్ళ పిల్ల దగ్గే దగ్గు కాదది... పొగ పీల్చి పీల్చి ఛాతీ పుచ్చిన ముసలాడి దగ్గు! పదో రోజుకి పాల టీ ముట్టడం మానేసింది. ఉప్పుగడ్డ చప్పరిస్తూ కూర్చునేది. చేత్తో పెంచిన కుక్కే ఆమెని చూసి పళ్ళు బయటపెట్టింది. అసురసంధ్య వేళ బయటికి వెళ్ళి ఉత్తరంగా తిరిగి రెప్ప వెయ్యకుండా నిలబడేది. "సొలొంగో!" అని పిలిస్తే ఒళ్ళు కదలకుండా మెడ ఒక్కటే తిరిగేది. కడియం తీద్దామంటే రాలేదు. చర్మంలోకి వేళ్ళు తన్నినట్టు బిగుసుకుపోయింది.

కూతవేటు దూరంలోని గుడారంలో ఉండే దెజిద్ ముసలమ్మ హోర్లోకి చిన్ననాటి జత. ఆవిడ వచ్చి చూసి అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఏమే, నీకు మతి గాని పోయిందా? రాగికి చిలుము పట్టక పూలు పూస్తాయా? ముందు తోమి తగలెయ్!"

"అలా అనకు పెద్దమ్మా. అందులో అత్త ఉంది."

"మీ అత్తా? మురికిలోనా? పక్కింట్లో జిడ్డు గిన్నె ఉంటేనే దానికి నిద్ర పట్టేది కాదు! ఎవడే నీకీ మాట చెప్పింది?"

చోగ్జోల్ పేరు వినగానే ముసలమ్మ మొహం మాడిపోయింది. "వాడు అడుగుపెట్టిన ఇంట్లో పిల్లలు మిగల్లేదని విన్నాను. జాగ్రత్తే," అని మాత్రం అని లేచి వెళ్ళిపోయింది. సెవెల్మాకి ఆ మాట చెవికెక్కలేదు. మొగుడు గొంచిగ్ శీతాకాలపు మకాం బాగుచెయ్యడానికి కొండల అవతలికి వెళ్ళి పన్నెండు రోజులైంది. పిల్ల రోజురోజుకీ పచ్చబడుతోంది. మునిగిపోయేవాళ్ళకి చెయ్యి ఇచ్చినవాడే దేవుడు. మళ్ళీ చోగ్జోల్‌కే కబురు పెట్టింది.

ఇదిగో, ఆ దేవుడే ఇప్పుడు ఎదురుగా కూర్చుని పొయ్యిలో ఏదో పొడి చల్లాడు. భగ్గుమని మంట లేచింది... ఆకుపచ్చటి మంట!

తలపాగా పెట్టుకున్నాడు. దాని అంచున వేలాడే నల్లటి కుచ్చులు వాడి కళ్ళనీ ముక్కునీ కప్పేశాయి. తడుముకుంటూ వచ్చి ఆ నల్లటి రాగి అద్దాన్ని సొలొంగో మెడలో, అద్దపు ముఖం పిల్ల గుండెలవైపుకు ఉండేలా తిప్పి వేలాడదీశాడు.

"పిల్ల కదలకుండా పట్టుకో. ఈ దర్పణాన్ని మాత్రం ముట్టుకోకు! ఆడదాని చెయ్యి తగిలితే ఆ చెయ్యి భుజం దాకా కుళ్ళి ఊడిపడుతుంది!"

కపాలంలో పాలసారా పోశాడు. డప్పందుకున్నాడు.

ఢమ్... ఢమ్... ఢమ్...!

ఆ మోతకి గుడారం కర్రలు వణికాయి. బయట వెలుగు గుటక గుటకగా తగ్గిపోతోంది. కంత అంచున గుడ్లగూబ కీచుమని అరిచింది. చలి... రక్తం గడ్డకట్టించే చలి... నేలలోంచి పుట్టుకొస్తోంది. మాంత్రికుడు ఊగుతున్నాడు. వాడి పెదాల మధ్య నుంచి ఏ మనిషి భాషకీ చెందని శబ్దాలు వెలువడుతున్నాయి. అలా ఊగుతూ ఊగుతూ, ఒక్కసారి ఆగి, దగ్గాడు.

సరిగ్గా అదే క్షణాన సొలొంగో కూడా దగ్గింది!

మళ్ళీ వాడు దగ్గాడు. మళ్ళీ పిల్ల దగ్గింది. అదే దగ్గు... అదే గురక... ఆఖర్న గొంతు సవరించుకోవడం కూడా అదే! రెండు నోళ్ళు, దగ్గు మాత్రం ఒక్కటే!

అత్తకి పొగాకు సంచి ఉండేది గానీ, బతికినంత కాలం ఆవిడ దగ్గగా సెవెల్మా వినలేదు.

"ఎవర్రా నువ్వు?" అంది, తన గొంతు తనకే వినపడనంత నెమ్మదిగా. "నా కూతురి లోపల ఎవరున్నారు?"

జవాబు మాంత్రికుడు చెప్పలేదు. సొలొంగో పెదాలు కదిలాయి. వాడి గొంతు పలికింది!

"ఇప్పుడా తెలిసింది, పిచ్చిదానా? ఆ పుర్రె ఎవరిదనుకున్నావు? నాదే! ఇంతకు ముందు నేను విడిచిన ఒంటిది! ఈ ఒళ్ళూ పాతబడింది. ఛాతీ పుచ్చిపోయింది. సూర్యుడు పూర్తిగా మునిగాడా... నీ కూతురు ఖాళీ! ఈ కాళ్ళూ, ఈ చేతులూ, ఈ పడుచు ఊపిరీ... నావి! హహ్హహ్హహ్హా!"

సెవెల్మాకి అప్పుడు అంతా అర్థమైంది. ఇన్ని రోజులుగా అత్త అనుకుని తను దణ్ణం పెట్టింది దీనికా? పిల్లని పీక్కు తింటున్న ఈ పురుగుని తన చేతులారా కూతురికి తొడిగి, తోమకుండా కాపలా కాసిందా? సిగ్గుతో, కోపంతో ఆమె ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో భయం కాలిపోయింది.

గోడ వారన పెరుగు మూట వేలాడుతోంది. దాని కింద బకెట్టు నిండా పుల్లటి తేట. చేతికందే దూరంలో ఉప్పు సంచి. సెవెల్మా బకెట్టుని బరబరా లాక్కుని కూతురి చేతిని మోచేతి దాకా అందులో ముంచేసింది. గుప్పెడు ఉప్పు, నడుముకి చుట్టుకున్న ఉన్ని పట్టీ కొస... కసికొద్దీ తోమింది!

చిలుము చుర్రుమంది! నల్లటి పొగ లేచింది. తేట పచ్చబడింది. రాగి ఒక గీతలో ఎర్రగా బయటపడగానే, పిల్ల నోట ఒక కేక...

"అమ్మా!"

సొలొంగో గొంతు! ఇన్ని రోజుల తర్వాత కూతురి గొంతు!

"అమ్మా, దురద... కడుగమ్మా... ఇంకా కడుగు..."

"కడుగుతున్నా తల్లీ, కడుగుతున్నా! నన్ను వదలకు!"

అంతలో ఆ గొంతు మళ్ళీ మునిగిపోయింది. వాడి వికటాట్టహాసం గుడారమంతా నిండింది. "కడియమా? అది గుమ్మమే! నేను గుమ్మం దాటి ఎప్పుడో లోపలికొచ్చా! ఇప్పుడు నేనున్నది అద్దంలో! ముట్టుకో చూద్దాం! చేతులు కుళ్ళుతాయి, ముట్టుకో!"

పొయ్యి అవతల వాడి ఒళ్ళు కొయ్యబొమ్మలా కూర్చుని డప్పు వాయిస్తూనే ఉంది. సగం మనిషి అక్కడ, సగం ఇక్కడ. లేవలేడు, ఆపలేడు. కానీ సొలొంగో చేతులు వాడివే! ఆ చేతులు లేచి తల్లి గొంతు పట్టుకున్నాయి. లేత వేళ్ళు... వాటిలో ముసలి తోడేలు బలం!

సెవెల్మా కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా చెయ్యి చాచి అద్దాన్ని పట్టుకుంది. అరచెయ్యి భగ్గుమంది. కుళ్ళితే కుళ్ళనీ! బకెట్టులోంచి తేట దోసిట్లోకి తీసి దాని మీద కొట్టింది. ఉప్పు రుద్దింది. గొంతు బిగుస్తోంది... తోమింది. ఊపిరి అందడం లేదు... తోమింది. కపాలం దానంతటదే ఎగిరెగిరి పడుతూ పళ్ళు టకటకలాడిస్తోంది... ఆమె తోముతూనే ఉంది! ఎన్నేళ్ళ మసి అది... ఎంతమంది పిల్లల ఉసురో... పొరలు పొరలుగా ఊడి, జిడ్డుగా ఆమె మోచేతుల మీంచి కారింది.

అప్పుడే సూర్యుడు మాయమయ్యాడు.

కటిక చీకటి! డప్పు ఆగింది. కుక్కల అరుపులు ఆగాయి. గాలి కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో కూతవేటు దూరాన ఒకే ఒక్క మూకుడు... టంగ్... టంగ్... టంగ్... ఎవరెన్ని చెప్పినా వినని దెజిద్ ముసలమ్మ ఒంటరిగా రాహువుని తరుముతోంది.

"అయిపోయింది!" అంది సొలొంగో నోరు, చెవి పక్కనే. "ఇక నేనే నీ కూతుర్ని!"

సెవెల్మా చీకట్లోనే తడిమి, అద్దాన్ని ఉన్ని పట్టీతో ఆఖరిసారి తుడిచి, లోపలికున్న దాని ముఖాన్ని బయటికి... పొయ్యి అవతల కూర్చున్న ఒంటివైపుకి తిప్పింది.

రాహువు పట్టు వదిలాడు.

నీలాకాశ తండ్రి కన్ను తెరిచినట్టు, నల్లటి బింబం అంచున ఒక్క చుక్క వెలుగు పగిలింది! ఆ మొదటి కిరణం కంతలోంచి దూసుకొచ్చింది. గుడ్లగూబ గుడ్డిదై దొర్లిపడింది. కిరణం సరాసరి ఉత్తరపు గోడ వారన కూర్చున్న పిల్ల గుండెల మీద, తోమిన రాగి మీద పడింది. రాగి భగ్గున ఎర్రగా వెలిగింది! అక్కణ్ణుంచి ఎగిరి, నల్ల కుచ్చుల్ని చీల్చుకుని, మాంత్రికుడి మొహాన తగిలింది.

"వద్దు... చూపించకు... నాకు నన్ను చూపించకు...!"

ఈసారి ఆ కేక వేసింది వాడి నోరే. కుచ్చులు కాలి రాలిపోయాయి. ఎన్ని ఒళ్ళు మార్చాడో అన్ని మొహాలు వాడి మొహం మీద ఒకదాని తర్వాత ఒకటి తోచి, కరిగి, కారిపోయాయి. అన్నిటికంటే అడుగున మొహమే లేదు! వాడి వేళ్ళ కొసల నుంచి ఆకుపచ్చదనం పుట్టింది. చేతులు, మెడ, నాలుక... చిలుము! నిలువెల్లా చిలుము! వెలుగు రెండో చుక్క పడేసరికి వాడు పెళుసుబారి, పగిలి, పచ్చటి పొడిగా చాప మీద కుప్పకూలాడు. కపాలం ఫట్‌మని రెండు చెక్కలైంది. తలుపు సందులోంచి వచ్చిన గాలి ఆ పొడిని పొయ్యిలోకి తోసింది. మంట ఒక్కసారి పచ్చగా లేచి, మళ్ళీ మామూలు ఎర్రరంగుకి తిరిగింది.

గొంతు మీది వేళ్ళు వదులయ్యాయి. సొలొంగో తల్లి ఒళ్ళో వాలిపోయింది. మెడ మీది పచ్చదనం తడి ఆరినట్టు వెనక్కి తగ్గి, భుజం దిగి, మోచెయ్యి దిగి, మణికట్టు దగ్గర మాయమైంది. సెవెల్మా అరచేతులు బొబ్బలెక్కాయి గానీ, ఊడిపడలేదు.

తలుపు ధడాలున తెరుచుకుంది. రొప్పుతూ దెజిద్. ఒక చేతిలో మూకుడు, ఇంకో చేతిలో గరిటె.

"ఏమే, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళుండి ఒక్క గిన్నె వాయించలేకపోయారా? సూర్యుణ్ణి నేనొక్కదాన్నే విడిపించుకు రావాలా ఈ వయసులో? ఇదేమిటే ఈ కంపు? వాడేడి?"

సెవెల్మా పొయ్యికేసి చూపించింది. దెజిద్ పచ్చటి చాపని, పగిలిన పుర్రెని, పిల్ల మెడని, తల్లి చేతుల్ని చూసింది. నెమ్మదిగా కూలబడింది.

సొలొంగో కళ్ళు తెరిచింది. నీరసంగా ముసలమ్మని చూసి, ఆవిడ చేతికేసి చూసి, "దెజిద్ అవ్వా... ఆ మూకుడు మాది కదూ? పోయినేడు పట్టుకెళ్ళావు," అంది.

"ఓసి దీని మొహం మండ! చావు నుంచి లేచి ముందు మూకుడు అడుగుతోంది!"

పిల్ల నవ్వింది. దగ్గు లేదు. గొంతులో గురక లేదు. పదహారేళ్ళ పిల్ల నవ్వే నవ్వే.

సెవెల్మా కూతురి చెయ్యి తీసుకుని, మంచినీళ్ళు పోసి, కడియాన్ని ఒకటికి రెండుసార్లు జాడించింది. పొడి గుడ్డతో తుడిచింది. చెక్కిన గీతలన్నీ తేటగా బయటపడ్డాయి. వెలుగుకి ఎత్తి పట్టుకుని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. ఎర్రటి రాగి. అందులో రాగి తప్ప ఇంకేమీ లేదు. ఎవరూ లేరు.

"పెద్దమ్మా," అంది, "మా అత్త పోయింది."

"పోయింది తల్లీ," అంది దెజిద్.

పోయినవాళ్ళ కోసం ఏడిస్తే ఆ కన్నీళ్ళు ఏరై వాళ్ళ దారికి అడ్డం పడతాయంటారు అక్కడ. అందుకే ఇన్నాళ్ళూ ఒక్క చుక్క రాల్చలేదు సెవెల్మా. ఇవాళ ఆపుకోలేకపోయింది. కూతురి చేతిని కడియంతో సహా గుండెలకి అదుముకుని, అత్తా, అత్తా అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.